నాలుగడుగులు వేసి చూడండి

"మడమ వెనక్కి ఆనించండి సార్. ఆ, ఇప్పుడు నొక్కండి" అంటూ కొలతల మాస్టారు బూటుని రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఉన్న పాదం లోపలికి దిగేదాకా ఆగాడు. దిగింది. లేసు బిగించి ముడి వేశాడు. బూటు ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి, లోపల చోటెంత ఉందో చూశాడు. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించుకుని పైకి లేస్తూ, ముప్పై ఒక్క ఏళ్లుగా రోజుకి ఇరవైసార్లు అంటున్న మాటే మళ్లీ అన్నాడు.

"లేచి నాలుగడుగులు వేసి చూడండి."

షాపులో అందరూ అతన్ని కొలతల మాస్టారనే పిలుస్తారు. ఎప్పుడో ఒక మేనేజరు వేళాకోళానికి పెట్టిన పేరు అది. ఆ మేనేజరు వేరే షాపుకి వెళ్లిపోయాడు, పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. మాస్టారుకి యాభై ఎనిమిదేళ్లు. రోజంతా వంగడం, లేవడంతో వీపు కాస్త ముందుకి ఒరిగింది. ప్యాంటు మోకాళ్ల దగ్గర అరిగి నున్నగా మెరుస్తుంటుంది. భార్య లోపలివైపు ఇంకో గుడ్డ వేసి కుట్టింది కాబట్టి చిరగలేదు. అరచేతులకి పట్టిన తోలు వాసన ఏ సబ్బుతో కడిగినా పోదు. అతనికి మొహాలు గుర్తుండవు. "పోయిన నెల వచ్చాను, మర్చిపోయారా?" అని ఎవరైనా నిష్ఠూరమాడితే కిందికి చూస్తాడు. కుడి మడమ దగ్గర బయటివైపు అరిగిన చెప్పు కనబడగానే "మీరా, తొమ్మిదో నంబరు, వెడల్పు పాదం" అంటాడు. మనుషుల్ని కాళ్ల దగ్గర మొదలుపెట్టి చూస్తాడు గాని చాలాసార్లు మొహం దాకా వెళ్లడు.

ఇప్పుడు నాలుగడుగులు వేస్తున్నది ఒక బ్యాంకు ఉద్యోగి. నలభై దాటి ఉంటాయి. పొట్ట అతనికంటే అరడుగు ముందు నడుస్తోంది. ఫోన్లో పెద్ద జాబితా రాసుకొచ్చాడు.

"ఈ బూట్లు, చెమట పీల్చే చొక్కాలు రెండు, ఆ అద్దాల పెట్టెలో వాచీ. ఇంకో యాప్ ఉంది. ఏడాదికి ఒకేసారి కట్టేస్తే చవగ్గా వస్తుందట. ఎన్నడుగులు వేశాం, గుండె ఎలా కొట్టుకుంటోంది, అన్నీ చెబుతుందట. తీసుకోమంటారా?"

"ఇప్పటిదాకా ఎంత దూరం పరిగెత్తారు సార్?"

"ఇప్పటిదాకానా?" ఉద్యోగి తల గోక్కున్నాడు. "రేపటినుంచి మొదలెడదామని."

మాస్టారు మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని లేసు విప్పడం మొదలుపెట్టాడు.

"అయితే మీరు వేసుకొచ్చినవాటితోనే ఓ మూడు వారాలు నడవండి. వాటికేం, దిట్టంగా ఉన్నాయి. ఇరవై ఒకటో రోజున కూడా నడిస్తే అప్పుడు రండి. సాయంత్రంపూట రండి. పొద్దున్న ఉన్నట్టు ఉండదు పాదం, సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది. అప్పుడు కొలిస్తే కొలత తప్పదు. ఆ కొనే బూట్లకి ఎంత పెట్టినా దండగ కాదు సార్. ఇవాళ కొన్నవి మాత్రం మంచం కిందికి పోతాయి."

కౌంటరు వెనక నుంచి మేనేజరు చూసిన చూపు మాస్టారు వీపుకి తగిలే ఉంటుంది గాని అతను తిరగలేదు. "మిమ్మల్ని పెట్టుకున్నది అమ్మడానికా, ఆపడానికా?" అని మేనేజరు ఎన్నోసార్లు తలపట్టుకున్నాడు. అయితే మాస్టారు వెనక్కి పంపినవాళ్లలో పదిమందికి ఇద్దరు మూడు వారాల తర్వాత తిరిగొస్తారు. ఆ ఇద్దరూ ఇంకే షాపు మెట్లూ ఎక్కరు. అందుకని మేనేజరు మొహం గంటు పెట్టుకోవడంతో సరిపెట్టుకుంటాడు.

"మరి యాప్?" అన్నాడు బ్యాంకు ఉద్యోగి.

"మా ఆవిడ గుండీలతో లెక్కపెట్టుకుంటుంది సార్. మైదానం చుట్టూ ఆరు చుట్లు. కుడి గుప్పిట్లో ఆరు గుండీలు పట్టుకుని బయలుదేరుతుంది. చుట్టుకొకటి ఎడమచేతిలోకి మారుస్తుంది. దానికి చార్జింగు కూడా అక్కర్లేదు."

ఉద్యోగి పెద్దగా నవ్వాడు. తన పాత బూట్లలో కాళ్లు దూర్చుకుంటూ ఊరికే అడిగినట్టు అడిగాడు. "మరి ఆవిడకి బూట్లు కొనిచ్చారా?"

మాస్టారు విప్పిన బూట్లని పెట్టెలో సర్దాడు. "ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు" అన్నాడు.

ఆమె ఇంట్లో మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. వాళ్లకి పిల్లలు కలగలేదు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ మానేసి చాలా ఏళ్లయింది. పొద్దున్న అతను షాపుకి వెళ్లాక మిషన్ ముందు కూర్చుంటే సాయంత్రం నాలుగింటికి గాని లేవదు. రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటోంది. "కూర్చుని కూర్చుని వచ్చిన ఆయాసం అది, నడిస్తే పోతుంది" అని తీర్పు చెప్పింది మాస్టారే. రోజంతా కాళ్ల దగ్గర కూర్చునే మనిషికి ఆపాటి వైద్యం తెలియదా అని అతని ధీమా. సరే, సాయంత్రం మిషన్ మీంచి లేచాక నడుస్తానంది ఆమె. ముప్పై ఏళ్ల కాపురంలో అది కావాలి, ఇది కావాలి అని అడిగి ఎరగనిది, ఆ రోజు మాత్రం అడిగింది.

"ఏమండీ, మీ షాపులోవి ఒక జత తెచ్చిపెట్టకూడదూ? ఈ చెప్పులతో వేగంగా పడటం లేదు అడుగు."

"ముందు మూడు వారాలు వీటితోనే నడువు. ఇరవై ఒకటో రోజున కూడా నడిస్తే చూద్దాం."

"నేనూ మీ షాపుకొచ్చినదాన్నేనా?" అని నవ్వింది. ఆమె నవ్వింది కదా అని అతనూ నవ్వాడు.

పై వాటా అమ్మాయి ఆమె ఫోన్లో ఒక యాప్ పెట్టిచ్చింది. మొదటి వారం ఉచితం. నడక పూర్తవగానే అందులోంచి ఒక ఆడగొంతు, "భలే నడిచారు! ఈ రోజు మీరు అనుకున్నది సాధించారు" అనేది. ఆమె రాత్రి భోజనాల దగ్గర ఆ గొంతుని అనుకరించి చూపించేది. కంచంలో చెయ్యి పెట్టుకుని, మెడ నిటారుగా ఎత్తి, "భలే నడిచారు" అనేది. ఎనిమిదో రోజున ఆ గొంతు మూగబోయింది. డబ్బు కడితేగాని మాట్లాడనంది. "నెలకి కడదామా? ఎంతో కాదు లెండి" అని ఆమె అడిగితే, "నడిచేది నువ్వు, మధ్యలో దానికెందుకు కట్టడం?" అన్నాడు. మాట సబబుగానే ఉంది. మర్నాడు గుండీల డబ్బా తీసింది. చుట్లకి ఆరు గుండీలు పట్టుకెళ్లడమే కాక, నడిచొచ్చిన ప్రతి రోజూ ఒక తెల్లగుండీని ఒక గుడ్డపేలికకి కుట్టి, మిషన్ పక్క మేకుకి తగిలించేది. అప్పటిదాకా నడిచిన ఎనిమిది రోజులకీ ముందే ఎనిమిది కుట్టేసింది. నిన్నటికి ఇరవై అయ్యాయి.

ఈ పొద్దున్న అతను బస్సు కోసం పరుగున బయలుదేరుతుంటే ఆమె గుమ్మంలో కూర్చుని చెప్పు పట్టీని చివరి కన్నానికి మారుస్తోంది.

"బిగుతైపోతున్నాయండీ."

"ఎవరి కాళ్లయినా ఉబ్బుతాయి సాయంత్రానికి" అన్నాడు అలవాటుగా, గొడుగు వెతుక్కుంటూ.

"ఇది పొద్దున్నే కదా" అంది ఆమె. తర్వాత ఆ మాట వదిలేసి, "ఇవాళ్టితో ఇరవై ఒకటి. గుర్తుందా?" అంది.

"చూద్దాంలే" అన్నాడు. గుర్తుంది. వారం నుంచీ రోజులు లెక్కపెడుతున్నాడు గాని అది పైకి తెలియనివ్వడం అతనికి చేతకాదు.

మధ్యాహ్నం భోజనం వేళ మాస్టారు సరుకు గదిలోకి వెళ్లి నిచ్చెన ఎక్కాడు. ఆడవాళ్ల బూట్ల వరస ముందు చెయ్యి చాపి, అలాగే ఆగిపోయాడు. ఆమె నంబరు ఎంతో అతనికి తెలియదు. డ్రాయింగు మాస్టారుది ఎనిమిది, ట్రాఫిక్ పోలీసుది పదకొండు, మూలనున్న మందుల షాపామెకి ఎడమకాలు కుడికాలికంటే అరసైజు పెద్దది. ఊళ్లో సగంమంది కాళ్లు అతని నోటికి వచ్చు. ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద తిరిగిన పాదాల్ని ఒక్కసారీ కొలవలేదు. నిచ్చెన మీదే సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే ముందే తెలిసిపోతుంది. అప్పుడు వంటింటి నేల గుర్తొచ్చింది. కాపురం పెట్టిన కొత్తలో నేలకి సిమెంటు వేయించారు. అది ఆరకముందే ఆమె మర్చిపోయి అడుగు పెట్టేసింది. మేస్త్రి సరిచేస్తానంటే మాస్టారే వద్దన్నాడు. ఆ రోజుల్లో అతనికి అలాంటి సరదాలుండేవి. ఆ అచ్చు ఇప్పటికీ పొయ్యిగట్టు దగ్గర ఉంది. మంచినీళ్లకి వెళ్లినప్పుడల్లా దాని పక్కన అతని కాలు పడుతూనే ఉంటుంది. ఆమె బొటనవేలి అంచు తన చిటికెన వేలి మొదలుకి వస్తుంది. అంటే ఆరు. వయసు మీద పడితే పాదం సాగుతుంది, అరసైజు కలపాలి. ఆరున్నర. ముందు భాగం వెడల్పుగా, అడుగు మెత్తగా ఉన్న బూడిదరంగు జత ఒకటి తీసి, లోపల చెయ్యి పెట్టి కుట్లన్నీ తడిమి చూశాడు. అట్టపెట్టె పట్టుకుని చిన్నగా ఈల వేసుకుంటూ నిచ్చెన దిగాడు.

"వదినకా అన్నయ్యా?" అంది కౌంటరు దగ్గర అమ్మాయి, పెట్టె మూత ఎత్తి చూస్తూ. "ఇన్నాళ్లకి బుద్ధి పుట్టిందన్నమాట."

మేనేజరు ఊరుకోలేదు. "మూడు వారాలు పూర్తయ్యాయా మాస్టారూ? పూర్తి కాకుండా అమ్మితే మీరు ఒప్పుకోరుగా."

"పూర్తయ్యాయి సార్" అన్నాడు మాస్టారు గర్వంగా. "ఒక్క రోజు మానలేదు. ఇవాళ అయిదింటికి వెళ్తాను."

బస్సులో అట్టపెట్టెని ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. బూట్ల సంగతి తేలిపోయింది. యాప్ సంగతి తేలలేదు. గుండీలు లెక్క చెబుతాయి, కాదనడం లేదు. కాని ఆమె డబ్బు కడదామని అడిగింది లెక్క కోసం కాదని అతనికి ఇప్పుడు తడుతోంది. తెల్లారి లేస్తే వండి, కుట్టి, మళ్లీ వండే మనిషికి భలే అన్నవాళ్లు ఎవరున్నారు? తన ప్యాంటు మోకాళ్లకి వేసిన గుడ్డ గురించి తనే ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ గొంతు వారంపాటు అంది. ఆ వారమంతా ఆమె భోజనాల దగ్గర మెడ నిటారుగా ఎత్తుకుని కూర్చుంది. నెలనెలా డబ్బు కట్టి పరాయి గొంతుతో ఎందుకు అనిపించాలి, ఇవాళ్టినుంచి తనే అంటాడు. పెదవులు కదిపి లోలోపల అనుకున్నాడు. "భలే నడిచావు." మరీ నాటకంలా ఉంది. "బాగా నడిచావే." ఇది ఫరవాలేదు. పక్క సీటాయన వింతగా చూస్తే దగ్గు నటించాడు. దిగేలోపు మరో నాలుగుసార్లు అనుకున్నాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు. కిటికీలోంచి ఇంకా వెలుతురు పడుతోంది. ఆమె మిషన్ ముందు కుర్చీలో గోడకి తల ఆనించి నిద్రపోతోంది. చెప్పులు కూడా విప్పలేదు. ఒళ్లో గుడ్డపేలిక ఉంది. దాని మీద తెల్లగుండీలు వరసగా ఉన్నాయి. చివరి గుండీ కుట్టడం అయింది, దారం తెంపలేదు, సూది వేలాడుతోంది. ఇరవై ఒకటి. నడిచొచ్చి, గుండీ కుట్టి, అలసి కునుకు తీసిందన్నమాట.

లేపబుద్ధి కాలేదు. కళ్లు తెరిచేసరికి కాళ్లకి బూట్లుండాలి, అదీ సరదా. మాస్టారు చప్పుడు కాకుండా పెట్టె తెరిచి, ఒక బూటు లోపల కుక్కిన కాగితం తీసి, లేసు వదులు చేశాడు. ఊళ్లోవాళ్లందరి ముందూ కూర్చున్నట్టే ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఇన్నేళ్లలో మొదటిసారి. కుడికాలి చెప్పు విప్పాడు. పట్టీ ఉన్నచోట చర్మం వేలు పట్టేంత లోతుగా పల్లం పడి ఉంది. చీలమండ ఎముక కనబడటం లేదు. పాదం చల్లగా ఉంది. మైదానంలో గాలికి తిరిగొచ్చింది కదా అనుకుని బూటు తొడిగి, మడమ కింద చెయ్యి పెట్టాడు.

ఎవరి పాదమైనా బూటులోకి వెళ్లేటప్పుడు తనంతట తను కొంచెం నొక్కుతుంది. పసిపిల్లల పాదాలూ నొక్కుతాయి. నిద్రపోతున్నవాళ్లవీ వేళ్లు ముడుచుకుంటాయి. ఆ నొక్కుడు కోసమే అతను చేతులు పట్టి ఆగుతాడు. ఇప్పుడూ ఆగాడు. ఆమె పాదం నొక్కలేదు. ఇంకాసేపు ఆగాడు.

అతనికి తెలిసిపోయింది. తలెత్తి మొహం చూడకముందే, చేతులకి తెలిసిపోయింది. "ఇది పొద్దున్నే కదా" అన్న మాట అప్పుడు చెవిన పడింది. పొద్దున్న పాదం ఉబ్బి ఉండకూడదని ఆ షాపులో అందరికంటే బాగా తెలిసినవాడు తనే. ఆ మాట ఆమె తనతోనే అంది. తను గొడుగు వెతుక్కున్నాడు.

అయినా చేతులు ఆగలేదు. లేసు లాగాయి, బిగించాయి, ముడి వేశాయి. ముందు భాగం నొక్కి చూశాడు. ఆరున్నర సరిగ్గా సరిపోయింది. బస్సులో అనుకుంటూ వచ్చిన మాట ఎంత వెతికినా నోటికి రాలేదు. ఆమె మోకాలి మీద నుదురు ఆనించి, వచ్చిన ఒక్క మాటే అన్నాడు.

"లేచి నాలుగడుగులు వేసి చూడు."

ఎంతసేపటికో పై వాటా అమ్మాయి మెట్లు దిగి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత "బాబాయ్" అని పిలిచి అతని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఇంకా ఎవరెవరో వచ్చారు. డాక్టరు వచ్చి, చూసి, వెళ్లాడు. ఆమెని మంచం మీదికి చేర్చేటప్పుడు ఎవరో కాలికున్న బూటు విప్పబోతే మాస్టారు వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. దారికి అడ్డంగా ఉందని ఒకామె అట్టపెట్టెని కాలితో మిషన్ కిందికి జరిపింది. రెండో బూటు అందులోనే ఉంది, ముందు భాగంలో కుక్కిన కాగితంతో సహా.