తడి పంటి రంగు

ఉత్తరపు కిటికీలోంచి పొద్దుటి వెలుగు... తడి పన్ను మీద పడుతుంది. అంచు దాకా జారుతుంది. అక్కడ కాస్త నీలంగా ఆగుతుంది.

ఆ ఆగిన చోటే నేను చూడాలి.

పన్ను తెల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండదు. చిగుళ్ళ దగ్గర పాత కాగితం రంగు. నడుమ నానిన బియ్యపు గింజ రంగు. అంచున ఏ రంగూ లేదు — వెనకున్న చీకటి కొంత, ముందున్న వెలుగు కొంత, అంతే. ఒక్క పంట్లో ఇన్ని తెలుపులు. ముందు పన్ను విరిగితే, ఇవన్నీ కలిపిన ముద్దతో ఆ ఖాళీ నింపాలి. ఒక్కటి తప్పినా ఎదుటివాళ్ళ చూపు తిన్నగా పోయి అక్కడే పడుతుంది.

ఇరవై ఏళ్ళుగా ఇదే నా పని. పళ్ళ డాక్టర్ని.

చేతిలో ఒక పట్టీ ఉంటుంది. దాని మీద పదహారు బొమ్మ పళ్ళు. పదహారు తెలుపులు. ఒక్కోటీ తీసి అసలు పంటి పక్కన పెట్టి చూస్తాను. ఇది కాదు... ఇది కాదు... ఇదీ కాదు... ఇది.

దానికో పద్ధతి ఉంది. మనిషి కూర్చోగానే, ఇంకేదీ ముట్టుకోకముందే, రంగు చూసేయాలి. మెడ కింద బూడిదరంగు గుడ్డ కప్పి, మూడు ఊపిర్ల సేపు చూడాలి. అంతకు మించితే కన్ను అలిసిపోతుంది, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. దూది ఆ తర్వాతే. దూది పెట్టాక పన్ను ఆరుతుంది. ఆరిన పన్ను తెల్లబడుతుంది — తనది కాని తెలుపు. దాన్ని నమ్మకూడదు.

ఇది నేను కొత్తగా వచ్చిన డాక్టర్లకి కూడా నేర్పుతుంటాను. గొంతు చించుకుని మరీ నేర్పుతాను.

అక్క వచ్చింది.

నాకంటే నాలుగేళ్ళు పెద్ద. యాభై దగ్గర పడింది. ముందు పన్ను మూల విరిగి ముప్పై ఆరేళ్ళయింది. నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేనెప్పుడూ బాగు చేస్తాను రమ్మనలేదు. తనెప్పుడూ వస్తాననలేదు.

"లైబ్రరీలో ఉద్యోగం వచ్చిందే పిట్టా! ఈ వయసులో నాకు ఉద్యోగం, విడ్డూరం కాదూ? ఎల్లుండి కార్డుకి ఫొటో దిగాలిట. ఒక్క ఫొటోలోనైనా నోరారా నవ్వాలనుంది."

ఇంట్లో నేను పిట్టని.

కుర్చీలో వెనక్కి వాలింది. పైకప్పు కేసి చూస్తూ, ఏదో చాలా రోజులుగా దాచుకున్న మాటలా అడిగింది —

"ఈ పన్ను విరిగిన రోజు నీకు గుర్తుందా?"

దూది డబ్బా మూత తీశాను.

"నోరు తెరు," అన్నాను. దూది పెట్టేశాను. ఇటు చెంప లోపల ఒకటి. అటు ఒకటి. పెదవి కింద ఒకటి.

అక్క మాట ఆగిపోయింది.

గుర్తు లేకపోవడమా...

వాన వెలిసిన సాయంత్రం. అక్క కళ్ళకి తువ్వాలు కట్టి ఉంది. నేను తన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాను. అదే ఆట — కళ్ళున్నవాళ్ళు చెప్పాలి, కళ్ళు కట్టుకున్నవాళ్ళు నమ్మాలి. గడప అంటే కాలు ఎత్తేది. నీళ్ళు అంటే అంగ వేసేది. నవ్వుతూ వస్తోంది. అప్పుడు చెయ్యి అడ్డం లేదు. వసారా చివర మెట్లు. మెట్టు అనే మాట నా నాలుక మీదికి వచ్చింది.

అనలేదు.

ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు. కోపం లేదు. పోట్లాట లేదు. ఏమవుతుందో చూద్దామనిపించింది. ఆ వయసులో నేను అలాంటి పిల్లని.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. "అక్క కాలు జారింది," అన్నాను. అక్క నోటి నిండా రక్తం. అలాగే తలూపింది — అవును, జారింది. నన్ను కాపాడటానికే తలూపిందనుకున్నాను. ఆనాటి నుంచి దాని గురించి పన్నెత్తి ఒక్క మాట అనలేదు. ప్రతి పుట్టినరోజుకీ, ప్రతి పెళ్ళిలోనూ, ఆ చెయ్యి పెదవుల మీదికి వెళ్ళడం చూస్తూ నేను పెద్దదాన్నయ్యాను. అక్కది ఎంత పెద్ద మనసో అనుకునేదాన్ని. ఆ మనసంటే భయపడేదాన్ని.

తేరుకుని, అప్పుడు రంగు చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు.

పట్టీలోంచి ఒక తెలుపు చక్కగా కలిసింది. లోపలి పొర వేశాను. పై పొర వేశాను. అంచుకి అద్దం ముక్కలాంటి సన్నని పొర. పొర పొరకీ గట్టిపడేందుకు నీలి దీపం. అక్క కళ్ళు మూసుకుని ఉంది, కలలో ఉన్నట్టు. నేనూ కలలో ఉన్నట్టే పని చేశాను.

అద్దం ఇచ్చాను. అక్క నవ్వింది. అలవాటుగా చెయ్యి పైకి లేచింది... సగంలో ఆగింది... ఒళ్ళోకి దిగిపోయింది.

"అతుకెక్కడో నాకే తెలియట్లేదే!"

నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది. అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు.

చేతులు కడుక్కుంటుంటే నా సహాయకురాలు అడిగింది. "మేడమ్, ఇవాళ దూది ముందే పెట్టేశారేంటి?"

నీళ్ళ కింద నా చేతులు ఆగిపోయాయి.

పన్ను మళ్ళీ తడి పీల్చుకుంటుంది. తెల్లారేసరికి తన రంగు తనకి వచ్చేస్తుంది. నేను పెట్టిన ముక్క మాత్రం అలాగే ఉంటుంది, తెల్లగా, గోడకి కొత్తగా కొట్టిన సున్నంలా.

పొద్దున్నే ఫోన్ చేశాను.

"అక్కా, పన్నెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది." అంది. "ఆ మూలే... కొంచెం తెల్లగా కనిపిస్తోంది. నేనే గట్టిగా తోమేసుంటానులే. నా చేతి సంగతి నీకు తెలుసుగా."

మళ్ళీ తనే. మళ్ళీ తన కాలే జారింది.

ఊరుకోవచ్చు. ఆ సున్నపు ముక్కతోనే ఫొటో దిగుతుంది. అది తన తప్పేనని కనపడినవాళ్ళందరికీ నవ్వుతూ చెబుతుంది. నేను నోరు మెదపకుండా ఉంటే చాలు. అది నాకు బాగా వచ్చిన విద్య.

"నువ్వేం చేయలేదు," అన్నాను. "పన్ను ఆరిపోయాక రంగు చూశాను. తప్పు నాది. ఇప్పుడే రా."

వచ్చింది. సహాయకురాలిని బయట కూర్చోమన్నాను. దీపం వెయ్యలేదు. దూది డబ్బా మూత తియ్యలేదు. ఉత్తరపు కిటికీ పక్కన కుర్చీలో అక్క... నోరు ఖాళీగా ఉంది. ఏమైనా అనొచ్చు.

నేనే అన్నాను.

"ఆ రోజు నీ కాలు జారలేదు అక్కా. మెట్టు వచ్చిందని నేను చెప్పలేదు. చూశాను. చెప్పలేదు. నీకు తెలుసని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ..."

"నాకు తెలీదే," అంది అక్క.

మెల్లగా అంది.

"నువ్వు చెప్పే ఉంటావు, నేనే వినిపించుకోలేదనుకున్నా. అప్పట్నుంచేగా అమ్మ నన్ను 'పరాకు' అని పిలవడం. అందరూ అన్నారు, నేనూ నమ్మేశా. పొయ్యి మీద పెడితే మాడుస్తానని... బండి నడిపితే గుద్దేస్తానని..." ఆగింది. "నా పిల్లల్ని నేను నిలబడి ఎత్తుకోలేదే పిట్టా. కూర్చునే ఎత్తుకున్నా. జారుస్తానేమోనని."

పెద్ద మనసు కాదు. క్షమించడమూ కాదు. తనకి తెలియనే తెలియదు.

"నిన్న అడగబోయింది కూడా అదే. లైబ్రరీలో నిచ్చెనెక్కి పుస్తకాలు తియ్యాలిట. ఆ రోజు నేనెలా పడ్డానో నువ్వు చూశావుగా. నా వల్ల అవుతుందా అని అడుగుదామనుకున్నా."

"అవుతుంది," అన్నాను. మళ్ళీ అన్నాను. "అవుతుంది అక్కా. నన్ను..." తర్వాతి మాట చాలా చిన్నదైపోయింది. మింగేశాను.

అక్క నావైపు చూడలేదు. తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తిరగేసి, మళ్ళీ తిరగేసి చూసుకుంది. ఎవరివో కొత్తగా ఇచ్చినట్టు. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోయినా బాగుండును.

వెళ్ళలేదు. తల వెనక్కి ఆన్చింది.

"కానియ్. పన్ను ఆరిపోతుందన్నావుగా."

కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకీ చెప్పే మాటే నా నోట్లోంచి వచ్చింది. ఇరవై ఏళ్ళ అలవాటు.

"కళ్ళు మూసుకో అక్కా."

"వద్దు," అంది. "తెరిచే ఉంచుకుంటా."

నోరు తెరిచింది.

కిటికీ వెలుగు తడి పన్ను మీద పడింది. అంచు దాకా జారింది... అక్కడ కాస్త నీలంగా ఆగింది.

మూడు ఊపిర్లే నాకున్న వ్యవధి. పట్టీలోంచి ఒక బొమ్మ పన్ను తీసి పక్కన పట్టుకున్నాను. పంటికి పైన అక్క కళ్ళు, రెప్ప వెయ్యకుండా, నా చేతినే చూస్తున్నాయి.

ఒక ఊపిరి అయిపోయింది.