ఇత్తడి తీర్పు

మార్కాపురం బజారులో కాశీవిశ్వనాథంగారి పాత్రల దుకాణం పైకి దుకాణమే గాని, లోహాలకు సంబంధించినంతవరకు అది ఉన్నత న్యాయస్థానం. త్రిపురాంతకం నుంచి అర్ధవీడు దాకా ఏ ఇంట్లో పాత బిందె మారకానికి బయలుదేరినా, అది చివరికి ఆయన వేలిగణుపు ముందు హాజరు కావలసిందే. ఆయన బిందెను ఎడమ అరచేతి మీద నిలిపి, కుడిచేతి వేలితో ఒక్కసారి తట్టి, కళ్ళు మూసుకునేవాడు. మూసిన కళ్ళ వెనక ఏ ధర్మశాస్త్రాలు తెరుచుకునేవో తెలియదు గాని, తెరిచేసరికి తీర్పు సిద్ధంగా ఉండేది: "మాటుంది." అతుకు పడ్డ పాత్ర విలువ ఆ ఒక్క మాటతో సగమయ్యేది. బలపంతో దాని మీద సున్న చుట్టి పక్కన పెట్టేవాడు. అప్పీలు చేసుకోవాలంటే కంభంలో మరో దుకాణం ఉన్నమాట నిజమే. ఆ వర్తకుడు ఈయన బావమరిది.

ఒంగోలు జిల్లా ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకొని రెండేళ్ళయినా, ఈ పడమటి తాలూకాల జనం అర్జీల మీద చెయ్యి జారి తమ మునుపటి జిల్లా కర్నూలు పేరు రాసి కొట్టేస్తున్న రోజులవి. కొత్త జిల్లాకు కొంత పాత గౌరవం అవసరమని తోచి, ఊరి పెద్దలు సత్రం ఆవరణలో వారం రోజుల ప్రాచీన వస్తు ప్రదర్శన తలపెట్టారు. ఏది అసలు, ఏది నకిలీ అని తేల్చే పీఠం మీద ఎవరిని కూర్చోబెట్టాలన్న చర్చ పుట్టకముందే కాశీవిశ్వనాథం వచ్చి కూర్చున్నాడు. మొదటిరోజు పొద్దున్నే, విజయనగర సైన్యం వాడినదని చెప్పి దోర్నాల వారు తెచ్చిన కత్తిని గడ్డపారకు పినతండ్రి కొడుకని తేల్చాడు. జనం నవ్వారు. న్యాయానికి ఉత్సాహం వచ్చింది.

మధ్యాహ్నం గిద్దలూరు బస్సు మీద నుంచి ఒక డ్రమ్ముసెట్టు దిగింది. పెద్ద డ్రమ్ము ఒకటి, చిన్నవి రెండు. వాటితో చర్చి సంఘపెద్ద, డ్రమ్ములు వాయించే పౌలు, అతని తల్లి రూతమ్మ వచ్చారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కలకత్తా మిలిటరీ క్యాంపులో వంట చేసిన దేవదానానికి, ఇంటికి పోతున్న అమెరికా సిపాయి ఒకడు ఆ సెట్టు ఇచ్చిపోయాడు. దేవదానం దాన్ని రైల్లో గిద్దలూరు చేర్చి, బతికినన్నాళ్ళు వాయించి, పోయేముందు చర్చికి అప్పగించాడు. వాయించే పని కొడుకు పౌలుకు దక్కింది.

కాశీవిశ్వనాథం డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఆయన జీవితంలో అంత దగ్గరగా చూసిన మొదటి డ్రమ్ము అదే. అయినా న్యాయమూర్తి ఏ నేరమూ చేసి చూడకుండానే అన్ని నేరాలకూ శిక్ష వేస్తాడు గదా. తోలును బిగించే ఇనుపకడ్డీలు డ్రమ్ము చెక్కడొల్ల పక్కన అమర్చిన దిమ్మల్లోకి దిగుతున్నాయి. ఆ దిమ్మలు చెక్కవి. ఆయన వేలు అక్కడ ఆగింది.

"ఇది అమెరికా సరుకేనా?"

"సిపాయి చేతి మీదుగా వచ్చింది శెట్టిగారూ" అన్నాడు పౌలు.

"అమెరికావోడు కడ్డీ ఇనుముతో చేసి, దిమ్మ చెక్కతో చేస్తాడా నాయనా? వానికేం ఇత్తడికి కరువా?" ఆయన జనం వైపు తిరిగాడు. "ఇక్కడ మొదట ఇత్తడి దిమ్మలుండినాయి. ఎవురో ఊడబెరికి అమ్ముకొని, వడ్లాయన చేత చెక్కముక్కలు పెట్టించినారు. మాటుంది."

బలపం సున్న చుట్టింది. జనంలో ఎవడో, "వంటాయన గదా, ఇత్తడిని పోపులో వేసుంటాడు" అన్నాడు. నవ్వు సత్రం అరుగుల మీద దాకా పాకింది.

రూతమ్మ ముందుకు వచ్చింది. "మా ఆయన తెచ్చినప్పటి నుంచి అట్లనే ఉండాయి సామీ. నేను కొత్త పెళ్ళికూతురినప్పుడు తుడిచినా వాటిని."

"అమ్మా, పోయినోళ్ళని అనకూడదు. నేను అనను" అన్నాడు కాశీవిశ్వనాథం, దయ ఉట్టిపడే గొంతుతో. "డ్రమ్ము అంటాంది."

సంఘపెద్ద ముఖం మాడిపోయింది. సంఘం సొత్తులో దొంగతనం జరిగిందన్న మాట పది ఊళ్ళ జనం ముందు పడ్డాక, సంగతి తేలేదాకా పౌలు ఆ డ్రమ్ముల మీద చెయ్యి వేయకూడదని అక్కడికక్కడే చెప్పాడు. కరుణ కూడా న్యాయంలో భాగమేనని నిరూపించడానికి కాశీవిశ్వనాథం ఒక వరం ప్రకటించాడు: ఇత్తడి దిమ్మలు తానే పోయిస్తాడు, ముగింపు సభ నాటికి డ్రమ్ము తన తొలి వైభవంతో వేదిక ఎక్కుతుంది. చప్పట్లు మోగాయి. రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి నడిచింది. ఆ దృశ్యాన్ని ఆయన కృతజ్ఞత కింద జమకట్టుకున్నాడు.

మూడోనాటికి కంచరి బ్రహ్మం కొత్త దిమ్మలు తెచ్చాడు. దుకాణం వెనక వసారాలో తోలు విప్పి, లోపలి మరలు తీసి, మొదటి చెక్కదిమ్మను ఊడదీశాడు. ఇద్దరూ వంగి చూశారు.

డొల్ల రంగు ఏళ్ళ పొగకూ ఎండకూ పసుపు తిరిగిపోయి ఉంది. దిమ్మ కింద మాత్రం, సరిగ్గా దిమ్మ ఆకారంలోనే, పాలమీగడలా తెల్లగా ఉంది. ఆ తెలుపులో మర దిగిన రంధ్రాలు రెండే. అవి చెక్కదిమ్మవి. బ్రహ్మం రెండోది తీశాడు, మూడోది తీశాడు. అన్నిచోట్లా అదే.

"అన్నా, ఇంకోటి ఉన్న జాడే లేదే" అన్నాడు బ్రహ్మం. "పిడి మార్చిన చెంబుకు పాత చిల్లు పోదని నువ్వే గదా చెప్తావు."

కాశీవిశ్వనాథం మనసు డ్రమ్మును విడిచి, యుద్ధపు రోజుల్లో ఇదే దుకాణంలోకి పోయింది. ఇత్తడికి కంట్రోలు వచ్చి అలమర ఖాళీ అయింది. వాళ్ళ నాయన కుండలు, చెక్కగరిటెలు పెట్టుకొని కూర్చున్నాడు. రాగికి సర్కారే అల్లాడి, కాణీ నడుమ చిల్లు పొడిచి ఆ కాస్తా మిగుల్చుకుంది. ఆ చిల్లుకాణీలను దారానికి గుచ్చి గల్లాపెట్టెకు వేలాడదీసింది తానే; ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. లోహమంతా ఫిరంగుల నోట్లోకి పోతున్న కాలంలో, సముద్రం అవతల డ్రమ్ములు చేసేవాడికి మాత్రం ఎవడు ఇత్తడి ఇచ్చి ఉంటాడు? ఆ చెక్క అతుకు కాదు. ఆ డ్రమ్ము యుద్ధంలో పుట్టిందనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. ఈ సంగతి మూడు తాలూకాల్లో ఎవరికైనా తట్టవలసి ఉంటే, ముందుగా తట్టవలసింది ఇత్తడి లేక పస్తున్న ఈ దుకాణపు బిడ్డకు.

చెవులు వేడెక్కాయి. వసారాలో బ్రహ్మం తప్ప ఎవరూ లేరు. అది ఊరట అనిపించింది. ఊరట అనిపించినందుకు మరింత వేడెక్కాయి.

"ఏం చేద్దామన్నా?" అన్నాడు బ్రహ్మం. "నా దిమ్మ పెద్దది, ఈ చిల్లులు కుదరవు. కొత్తవి పొడవమంటే పొడుస్తా. ఇత్తడి కూర్చున్నాక కింద ఏముందో దేవునికి ఎరుక."

ఇంతటి వాగ్ధాటి గల మనిషికి అప్పుడు కావలసింది "వద్దు" అన్న ఒక్క మాట. దానికి బదులు ఆయన గోడ వైపు చూస్తూ, "నీ పని నువ్వు చెయ్" అన్నాడు.

చిల్లు పొడిచే బర్మా తిరిగింది. మెత్తటి చెక్కపొట్టు ఆ తెలుపు మీద రాలింది. అవతలి వెలుగు చిల్లులోంచి చుక్కలా కనబడగానే కాశీవిశ్వనాథం బ్రహ్మం చెయ్యి పట్టుకున్నాడు. "చాలు. చెక్కవే మళ్ళా బిగించు." మళ్ళీ బిగిస్తే ఆ చిల్లు దిమ్మ అంచుకు అవతల, పసుపు రంగు మీద, కొట్టొచ్చినట్టు కనబడింది.

గుమ్మంలో ఎప్పుడు వచ్చి నిలబడిందో, భార్య అనంతలక్ష్మి కాఫీ గ్లాసులు కింద పెట్టింది. "కాణీకి సర్కారు పెట్టింది చిల్లు. దీనికెవురు పెట్టినారు?"

"బ్రహ్మం చెయ్యి జారింది."

"ఓహో" అంది ఆమె. బ్రహ్మం కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

ముగింపు సభలో ముందు న్యాయమూర్తికి శాలువా కప్పారు. తరువాత కాశీవిశ్వనాథం మాట్లాడటానికి లేచాడు. నాలుగు రాత్రులు మనసులో తీర్చిదిద్దుకున్న ఉపన్యాసం అది. మానవుని దృష్టి పరిమితమని, లోహం కన్న కాలం బలవత్తరమని మొదలుపెట్టి, యుద్ధంలో ఇత్తడి కరువు, చెక్కదిమ్మల కింద చెదరని తెలుపు అన్నీ వివరించి, దేవదానం నిర్దోషి అనీ, డ్రమ్ము నూటికి నూరుపాళ్ళు అసలుదనీ, పొరపడింది తానేననీ గంభీరంగా ప్రకటించాడు.

సత్రం దద్దరిల్లింది. "తప్పు ఒప్పుకునేదానికి ఎంత పెద్దమనసుండాలప్పా" అన్నారు ముందు వరసలో. మొదటిరోజు పోపు మాట అన్నవాడే ఇప్పుడు అందరికన్న గట్టిగా చప్పట్లు కొట్టాడు. సంఘపెద్ద పౌలు భుజం తట్టి, వచ్చే ఆదివారం వాయించమన్నాడు. ఇంత కీర్తి తెచ్చిపెట్టే పొరపాటు ఏడాదికొకటి చేసినా నష్టం లేదనిపించే స్థితికి న్యాయమూర్తి చేరుకున్నాడు.

పౌలు వేదిక ఎక్కి డ్రమ్మును తడుముతున్నాడు. అతని వేలు ఒకచోట ఆగింది.

"శెట్టిగారూ, ఈ చిల్లు ఏంది? ఇది లేదే మొన్న."

చప్పట్లు సద్దుమణిగాయి. జనం బ్రహ్మం వైపు చూశారు; పనిముట్టు పట్టేది అతనే గనుక. బ్రహ్మం తల వంచుకున్నాడు. పొరుగున ముప్పయ్యేళ్ళు బతికినవాడు, ఈ మాట కూడా మోయడానికి సిద్ధపడి నిలబడ్డాడు. "చెయ్యి జారింది" అన్న మాట కాశీవిశ్వనాథం నాలుక చివరనే ఉంది. ఇంట్లో ఒకసారి వాడి ఉన్నాడు గనుక నున్నగా కూడా ఉంది. ఆడవాళ్ళ వరసలో అనంతలక్ష్మి ఆయన్ను చూడటం లేదు. తన చేతి గాజులు చూసుకుంటూ ఉంది.

"నేను కొట్టించినా" అన్నాడు.

"ఎందుకు సామీ?" అంది రూతమ్మ, కూర్చున్నచోటి నుంచే.

"మీ ఆయన తప్పు లేదని తెలిసినాక కొట్టించినా. ఇత్తడి పెడితే... నా మాట నిలుస్తదని."

ఈ వాక్యంలో ఒక్క సమాసమూ లేదు. చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పడుకున్నాయి. పెద్దమనసును గురించి ఎవరూ మాట్లాడలేదు.

"నేనే పూడ్పిస్తా రూతమ్మా" అన్నాడు ఆయన. "మంచి పనోన్ని పిలిపించి, రంగు కలిపి—"

"వద్దులే సామీ. నువ్వు బాగుచేసినకాడికి చాలు." ఆమె లేచింది. "ఎత్తు పౌలూ. బస్సు టయిమయింది."

పౌలు పెద్ద డ్రమ్మును తలకెత్తుకొని, రూతమ్మ చిన్నవాటిలో ఒకటి చంకన పెట్టుకొని, మిగిలినది సంఘపెద్ద చేతికిచ్చి, జనం మధ్య నుంచి నడిచారు. జనం దారి ఇచ్చారు. కాశీవిశ్వనాథం కూడా దిగిపోవాలని చూశాడు గాని, సన్మానం పొందినవారు జనగణమన అయ్యేదాకా శాలువాతో వేదిక మీదే ఉండాలన్నది ఆనవాయితీ. అధ్యక్షులవారి ఉపన్యాసం ఇంకా మిగిలి ఉంది. వారు ఎవరినీ చూడకుండా మొదలుపెట్టి, కొత్త జిల్లా ప్రగతిని గురించి చాలాసేపు మాట్లాడారు.