సాక్షి నోరు, చంద్రమ్మ కొంగు

రాజలింగం చెవులను కాంక్రీటు పగలగొట్టే మిషను తినేసింది. కాంట్రాక్టరు నెత్తికి టోపీ ఇచ్చాడు, చెవులకు దూది కూడా ఇవ్వలేదు. అడిగితే అందరికీ అట్లనే గదా అన్నాడు. అందరి చెవులూ పోతే అది న్యాయమైపోతుందా? సరే, ఈ కథ ఆ కాంట్రాక్టరుది కాదు. రాజలింగం పెళ్లాం చంద్రమ్మ కుళ్లుది.

ముంబై కామాటిపురా చాళ్‌లో వాళ్లది ఒకటే ఖోలీ, అంటే ఒక్కటే గది. సాయంత్రం కాగానే రాజలింగం ఫోనును గోడకు ఆనించి ముందు కూర్చుంటాడు. అందులో సాక్షి వస్తుంది. వర్లిలో పుట్టిన తెలుగు పిల్ల, దానికీ చెవులు లేవు. పెదాలు చూసి మాట పట్టుకోవడం వీడియో కాల్‌లో పైసా తీసుకోకుండా నేర్పుతుంది. ముఖానికి దీపం పెట్టుకుని, ఒక్కో మాటా నిదానంగా. బడి అన్నా మడి అన్నా పెదాల మీద ఒకే తీరట, ముందూ వెనకా మాటను బట్టి పోల్చుకోవాలట.

చంద్రమ్మ పొయ్యి దగ్గర నుంచి చూస్తుంది. ఆ నోటిని మొగుడు చూసే చూపు పెళ్లైన కొత్తలో కూడా తన మీద పడలేదు. ఆ పిల్ల ఏదో అంటుంది, ఈయన నవ్వుతాడు. తను అన్నం పెట్టనా అంటే మాత్రం ఊరికే తల ఊపి అటు తిరుగుతాడు. దాని మాటకు చెవులొస్తాయి, తన మాటకే చెవుడా?

నల్లా కాడ పక్క ఖోలీ రత్నాబాయి ఇంకో పుల్ల వేసింది. "నీ మొగుడు ఆ పోరి నోట్ల ఏం దేవులాడుతుండు?"

చంద్రమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసింది. మొగుడు స్నానానికి పోగానే ఫోను తీసి సాక్షిని బ్లాక్ చేసిపడేసింది.

సాయంత్రం ఆ పిల్ల రాలేదు. రాజలింగం ఖాళీ ఫోను ముందు ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాడు. చంద్రమ్మకు మొదట చల్లగా అనిపించింది, తరువాత ఇంకా మండింది. దాని కోసం ఇంత దిగులా? తన ఫోను పట్టుకుని బయట గదుల ముందరి గ్యాలరీలోకి పోయి, మొగుడికి తనే వీడియో కాల్ చేసింది.

గ్యాలరీలో మామ భూమయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ను చూడగానే చంద్రమ్మ చెయ్యి దానంతట అదే కొంగును నోటికి అడ్డం తెచ్చింది.

"నీ నోరేది?" లోపలి నుంచి రాజలింగం గట్టిగా అరిచాడు. చెవులు పోయినప్పటి నుంచి ఆయన గొంతు అంతే. "నాకు ఎప్పుడూ నీ కొంగే కనబడ్తది. ఏం చదువాలె?"

ఒకటే ఖోలీ, మామ ఎప్పుడూ ఎదురుగానే. కాపురమంతా చంద్రమ్మ మాట్లాడింది కొంగు చాటు నుంచే. కోడలి నోరు మామకు కనబడొద్దని ఎవడు పెట్టాడో గానీ, ఆ పెట్టినవాడికి చెవుడు రాలేదు.

కొంగు వదిలేసింది. భూమయ్య గొంతు సవరించుకుని గల్లీ వైపు తిరిగాడు.

"అది మంచిగ మాట్లాడ్తదా, నేనా?" చంద్రమ్మ ఫోనులోకి అడిగింది.

"అదే. నువ్వు మాటల్ల ఉరుకుతవు."

ఒళ్లంతా భగ్గుమంది. ఫోను విసిరికొట్టబోయి ఆగింది. ఫోను తెర మీద ఆయన కళ్లు తన పెదాల మీదే ఉన్నాయి, రెప్ప కూడా వేయకుండా.

"సాక్షి ఎందుకు వస్తలేదో ఎరుకనా?" అడిగాడు.

చంద్రమ్మ ముఖాన్ని వెలుతురులోకి తెచ్చింది. ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నేనే ఆపిన. కుళ్లు పుట్టింది."

రాజలింగం పెదాలు కూడా ఆమెతో పాటే కదిలాయి. అంతా చదివాడు. ముఖం గంటు పెట్టుకున్నాడు. కాల్ మాత్రం కట్ చేయలేదు.

"మళ్ల చెప్పు," అన్నాడు.