కార్బైన్‌కి బిగించిన లైట్

అమర్‌నాథ్ తుపాకీ కొన్నది భయంతో. దానికి ముస్తాబులు చేసింది మాత్రం సరదాతో.

ఆ వేసవిలో అమెరికాలోని కమ్మింగ్‌లో, వాళ్లుండే కాలనీలోనే, తెలుగువాళ్ల ఇళ్లు రెండింట్లో దొంగలు పడి బంగారం ఎత్తుకుపోయారు. తర్వాతి వారమే అతను కార్బైన్ కొన్నాడు. పిస్టల్ తూటాలతో పేలే పొట్టి రైఫిల్ అది. కొని ఊరుకోలేదు. గురిపెట్టిన చోట కంటికి ఎర్ర చుక్క కనిపించే సైట్ పెట్టించాడు. ముందొక పిడి, భుజానికి పట్టీ వచ్చాయి. చివరికి గొట్టం పక్కన కళ్లు జిగేల్‌మనిపించే లైట్ బిగించాడు. కొత్త కారు చూపించినట్టు వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

"ఇంకేం మిగిలింది, పట్టుచీర కట్టడమేనా?" అంది అతని భార్య గౌరి.

లక్ష్మీపతి మాత్రం నవ్వలేదు. రెండు వీధుల అవతల ఉంటాడు. ఈ దేశంలో వాళ్లకి అన్నయినా చుట్టమైనా అతనే. అమర్‌నాథ్‌ని రేంజ్‌కి తీసుకెళ్లి కాల్చడం నేర్పిందీ అతనే. ఈ లైట్‌తో ఎవరి మొహం చూడాలన్నా ముందు తుపాకీ వాళ్లమీద పెట్టాలి కదరా, చేతికి వేరే టార్చి ఉంచుకో అన్నాడు. అమర్‌నాథ్ సరేనన్నాడు గానీ కొనలేదు.

గరాజ్ తలుపు తెరిచే కోడ్ మార్చమని గౌరి పోరింది. అది స్నేహితులందరికీ తెలుసు. ముందు తలుపు డెలివరీ వాళ్లకి, గరాజ్ మనవాళ్లకి. అక్కడే చెప్పులు విడిచి, అక్కడున్న రెండో ఫ్రిజ్‌లో తెచ్చిన గిన్నె పెట్టేసి పోతుంటారు. మారిస్తే తమనే అనుమానించామనుకుంటారని అమర్‌నాథ్ ఒప్పుకోలేదు. కోడ్ అలాగే ఉంచి, తుపాకీ నింపి పెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం గౌరి గుడికి వెళ్లింది. మేడ మీదున్న అమర్‌నాథ్‌కి గరాజ్ పక్కతలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. మనవాళ్లయితే "ఆంటీ" అని కేకేస్తారు. ఇప్పుడు కేక లేదు. ఏదో జరుపుతున్న శబ్దం మాత్రం వస్తోంది.

కార్బైన్ తీసుకుని మెట్లు దిగాడు. పేలకుండా ఆపే సేఫ్టీ మీట తీశాడు. గరాజ్‌లోకి వెళ్లే తలుపు తోశాడు. ఫ్రిజ్ తలుపు వెనక మసకలో నల్ల హుడీ ఒకటి వంగి ఉంది. కదలొద్దని అరిచాడు. అది కదిలింది. లైట్ నొక్కాడు. సైట్‌లో ఎర్ర చుక్క ఆ వీపు మీద నిలిచింది.

వెలుగు పడేసరికి ఆ మనిషి ఇటు తిరిగింది. లక్ష్మీపతి కూతురు సాన్వి. చెవులకి హెడ్‌ఫోన్స్, చేతుల్లో దోసెల పిండి డబ్బా.

"అంకుల్, ఇట్స్ మీ. అమ్మ పిండి పంపింది."

డబ్బా జారి కిందపడింది. పిల్ల ఏడుస్తూ పరుగెత్తింది.

లక్ష్మీపతి వచ్చేసరికి గౌరి ఇల్లు చేరి నేల తుడుస్తోంది. అమర్‌నాథ్ హుడీ గురించి, హెడ్‌ఫోన్స్ గురించి, దొంగల గురించి ఆగకుండా చెప్పుకుపోయాడు. క్షమించమన్నాడు. లక్ష్మీపతి అంతా విన్నాడు.

"ఒక్కటి చెప్పు. వేలెక్కడుంది?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ వెలుగుకి అవతల సాన్వికి ఏమీ కనబడి ఉండదు. గౌరి తుడవడం ఆపి చూస్తోంది.

"ట్రిగ్గర్ మీదే, అన్నా."

"కాల్చాలని తేల్చుకున్నాకే వేలు ట్రిగ్గర్ మీద పెట్టాలని నీకు నేర్పింది నేను." లక్ష్మీపతి గొంతు పెంచలేదు. "అంటే, ఎవరో చూడకముందే తేల్చేసుకున్నావు."

ఇక ఈ గడప తొక్కేది లేదని చెప్పి చెప్పులు వేసుకున్నాడు.

గౌరి తడిగుడ్డ వదిలేసి లేచింది. చేతులు కూడా కడుక్కోలేదు.

"ఆగండి అన్నయ్యా, నేనూ వస్తాను."