పలకని డబ్బా

“అయ్యో! కల్నల్ గారు లేరట!” అంటూ మా అత్తగారు కళ్లొత్తుకుని గబగబా మెట్లు దిగిపోయారు.

నిజానికి లోపలి గదిలో మా బావమరిది అరిచింది “కెర్నల్ లేదు బావా!” అని. కింది వాటాలో ఉండే రిటైర్డ్ కల్నల్ మా మామగారికి చదరంగం జోడీ. వంటింట్లో ఉన్న ఆవిడకు ఆయనే గుర్తొచ్చారు. తెరలోకి తలలు దూర్చిన మాకు ఆవిడ గోడు పట్టలేదు.

గొంతు ఆపరేషన్‌తో మామగారికి మాట పోయింది. పలకలేని మనిషికి పలకే దిక్కయింది. టైపు చేసింది చదివి వినిపించే కంప్యూటర్ ఒకటి కొన్నాం గానీ, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది మూగనోము పట్టేది. విసిగిపోయిన ఆయన “ఇంకొక్క ప్రయత్నం, అదే ఆఖరు. అదీ పలకకపోతే నాకు పలకే చాలు” అని రాసి మా ముందు పెట్టారు.

బావమరిదికి పంతం వచ్చింది. మాట్లాడటం తప్ప మరో పని ఎరగని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను సొంతంగా కట్టాడు. కావలసినవన్నీ కంటైనర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టెలో సర్ది, దాన్నే ఇమేజ్‌గా, అంటే మొత్తం సిస్టమ్ నకలుగా మార్చి, చిన్న డబ్బాలాంటి కంప్యూటర్‌కు ఎక్కించాడు. కొత్త అప్‌డేట్ చెడితే పాత ఇమేజ్‌తో లేస్తుందన్నమాట. వాడి లాప్‌టాప్‌లో గలగలా మాట్లాడిన ఆ కంటైనర్, డబ్బాలో పెట్టగానే నల్లమొహం వేసింది. కెర్నల్ అంటే గింజ; యంత్రాన్ని నడిపే ఆ గింజే దొరకలేదట. ఇమేజ్‌తో పాటు వాడి ఇమేజ్ కూడా పోయింది.

“లాప్‌టాప్‌లో అంతలా వాగిందేమిట్రా?”

“కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు బావా. లాప్‌టాప్‌ది వాడుకుంటుంది. ఆ సంగతే మర్చిపోయా.”

“అంటే నాలాగా ఇల్లరికమా! అత్తారి పొయ్యి మీద బ్రహ్మాండంగా వండుతుంది, వేరు కాపురం పెడితే నిప్పే లేదు.”

వాడు నవ్వలేదు. గుమ్మంలో మామగారు పలక తుడుస్తూ నిలబడ్డారు.

“నాన్నా, ఇంకొక్కసారి…” అంటూ వాడు మళ్లీ కీబోర్డు ముందుకు జరిగాడు.

గింజ లేదని కొడుకు గింజుకుంటుంటే చూడలేకపోయారేమో, పలక పక్కన పెట్టి, వాడి భుజం మీద చెయ్యేసి కూర్చున్నారు.

వాడు పునాదే మార్చాడు. కెర్నల్, దాన్ని నిద్రలేపే సరంజామా ముందే ఉన్న ఇమేజ్ తీసుకుని, దాని మీద కావలసినవన్నీ మళ్లీ పేర్చి, డబ్బాకెక్కించి మీట నొక్కాడు.

ఇక్కడ డబ్బా బూట్ అవుతుంటే, అక్కడ మెట్ల మీద బూట్ల చప్పుడు. ముందు కల్నల్ గారు, వెనక మా అత్తగారు.

“ఏమయ్యా, నేను లేనని మీ అమ్మగారు మా ఇంటికొచ్చి ఒకటే ఏడుపు! తలుపు తీసింది నేనే! మంచినీళ్లిచ్చింది నేనే! అయినా నమ్మరే!”

“వీడేగా కల్నల్ లేడన్నాడు!” అని అత్తగారు కొడుకు మీదికి లేచారు.

మేం నోరు తెరిచేలోపే టకటకమని కీబోర్డు చప్పుడు. మరుక్షణం డబ్బా గొంతు విప్పింది.

“ఏమేవ్, వాడన్నది కల్నల్ కాదు, కెర్నల్. ఈ డబ్బాకి గుండెకాయలాంటిది. ఇందాక లేదు, ఇప్పుడు నా కొడుకు పెట్టాడు. కల్నల్, నువ్వూ ఉన్నావుగా, రా కూర్చో. నిన్నటి ఆటలో నీ రాజు ఇంకా ఇరుకులోనే ఉన్నాడు.”