డబ్బా గీతల మీద కోసిన ముక్క

లవోన్ జాస్ట్రో నాలుగు డబ్బాలనూ వంటింటి బల్ల మీద వరసగా నిలబెట్టి, దొంగల్ని నిలదీసే పోలీసులా వాటికేసి చూస్తూ కూర్చుంది.

నాలుగూ క్రాన్‌బెర్రీ సాసే, పుల్లటి ఎర్రకాయలు పంచదారతో ఉడికించి గట్టిపరిచింది. మూత కోసి బోర్లిస్తే నాలుగూ డబ్బా ఆకారంలోనే, డబ్బా పక్కలనున్న గీతలతో సహా, ఒకే ముద్దగా జారి పళ్ళెంలో పడతాయి. ఈమాత్రం దానికి తేడాలేమిటని ఎవరైనా అనొచ్చు. అనేవాళ్ళకేం! ఎల్లుండి థాంక్స్‌గివింగ్ పండగ. ఏడేళ్ళ తర్వాత చిన్నకొడుకు బ్రెంట్ ఆ పూట భోజనానికి ఇంటికి వస్తున్నాడు. వాడి నోటికి చిన్నప్పటి రుచే తగలాలి. తగిలితే వాడి మనసు కరుగుతుందనీ, ఆ రాత్రికి ఉండిపోతాడనీ, ఇక వస్తూ పోతూ ఉంటాడనీ లవోన్ ఆశ. ఆ ఆశంతా తీసుకొచ్చి ఈ డబ్బాల మీద పెట్టుకుంది.

చిక్కేమిటంటే, అప్పట్లో కొనే రకం ఇప్పుడు లేదు. అది అమ్మే కొట్టు మూతపడింది, కొట్టుతోపాటే ఆ డబ్బా కూడా పోయింది. అందుకని పక్క ఊళ్ళ కొట్లు కూడా తిరిగి, దొరికిన రకమల్లా ఒక్కోటి పట్టుకొచ్చింది.

మొగుడు డెల్మర్ బతుకంతా క్రాన్‌బెర్రీ మడుల్లోనే గడిచింది. ఇప్పటికీ ఏటా కోతల కాలంలో మడుల నిండా పెట్టిన నడుం లోతు నీళ్ళలో దిగి, తేలిన కాయల్ని ఒడ్డుకి తోస్తాడు. ఇంట్లో ఫ్రీజరు నిండా కాయలే. ఇన్ని ఉండీ పండగపూట బల్ల మీదికి వచ్చేది మాత్రం డబ్బాలోది. ఆ ఊళ్ళో సగం ఇళ్ళు ఇంతే. పొరుగూరి వాళ్ళు నవ్వితే నవ్వనీ, పిల్లలకు ఆ గీతలు కావాలి, గీత మీద కత్తి పెట్టి కోసిన గుండ్రటి ముక్క కావాలి.

వెనకతలుపు తోసుకుని ఆడపడుచు ఆర్డిస్ వచ్చింది. జింకల వేట రోజులు కదా, ఎవరూ పొరబడి కాల్చకుండా ఒంటి మీద కళ్ళు చెదిరే నారింజరంగు కోటు.

"ఏమిటే ఇదంతా? కొట్టు పెడుతున్నావా?"

"రుచి చూడ్డానికి రమ్మన్నాను, ఎగతాళి చెయ్యడానికి కాదు. కూర్చో వదినా. అన్నయ్యగారికి జింక దొరికిందా?"

"ఆయనకా? నిన్న ఆయన చెట్టు మీద కూర్చుని గురకపెడుతుంటే, జింక కింద నిలబడి వినిపోయిందిట. పక్కవాళ్ళు చెప్పారు."

లవోన్ నవ్వబోయి నవ్వలేకపోయింది. మొదటి డబ్బా మూత కోసి, అడుగున మేకుతో చిన్న చిల్లు పొడిచింది. చిల్లులోంచి గాలి దూరగానే ముద్ద 'స్లప్' మని జారి సాసరులో పడింది. ఇద్దరూ చెరో ముక్క నోట్లో వేసుకున్నారు.

"దగ్గుమందు," అంది ఆర్డిస్ మొహం చిట్లించి.

రెండోది నిలబడనే లేదు. కత్తి తగలగానే ఓ పక్కకి ఒరిగి కూలిపోయింది. మూడోదానికి తీపి సరిపోయింది గానీ పులుపే లేదు. మళ్ళీ ఓ ముక్క తిని, నీళ్ళు పుక్కిలించి, ఇంకో ముక్క తిని, లవోన్ తల అడ్డంగా ఊపింది.

"కడుపులో తిప్పుతోందే బాబూ. ఎర్రగా ఉంది, తియ్యగా ఉంది, ఏదో ఒకటి పెట్టెయ్!" అంది ఆర్డిస్.

"ఏదో ఒకటి పెట్టడానికా ఇంత తిరిగాను?"

నాలుగోది గట్టిగా నిలబడింది. గీతలు గీసినట్టు తేలాయి. కత్తి గీతలోకి మెత్తగా దిగింది. నోట్లో వేసుకోగానే ముందు తీపి, వెనకే దవడలు గుంజే పులుపు. లవోన్ కళ్ళు చెమర్చాయి.

"ఇదే వదినా! ఇదే! వాడు ఆ చివరి ముక్క కోసం ఎంత గొడవ చేసేవాడో గుర్తుందా? డబ్బా అడుగు అచ్చుపడ్డ ముక్క?"

ఆర్డిస్ నములుతున్నది ఆపింది. "బ్రెంటా?"

"కాకపోతే ఎవరు?"

"ఏమోనే. నాకు అంత బాగా..." అని కాసేపు సాసరులోకి చూసింది. "పోనీలే. నీ కొడుకులు, నీకు తెలియదా?"

లవోన్‌కి ఒళ్ళు మండింది. "నాకు తెలుసు. వాణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకున్నదాన్ని నేను. నోరు కుట్టేసుకుని వాణ్ణి ఇంట్లోంచి తరిమింది మీ తమ్ముడు."

ఆర్డిస్ లేచింది. ఎంగిలి చెంచాలు తీసుకెళ్ళి కడిగిపెట్టింది.

తొమ్మిదేళ్ళ కిందట, ఎండ కాస్త ముదురుతున్న మార్చి నెలలో, అన్నదమ్ములిద్దరూ మంచుకి చిల్లు పెట్టి చేపలు పట్టడానికని గడ్డకట్టిన సరస్సు మీదికి పికప్ బండిలో వెళ్ళారు. నడిపింది బ్రెంట్. మంచు విరిగి బండి మునిగింది. బ్రెంట్ బయటపడ్డాడు. పెద్దవాడు కర్ట్ బయటికి రాలేదు. కబురు విన్న డెల్మర్ "మంచు మందం చూసుకోవద్దా?" అని ఒక్క మాటన్నాడు. ఆ తర్వాత ఇంట్లో కర్ట్ పేరు ఎత్తినవాళ్ళు లేరు. రెండేళ్ళు అలా గడిచాక, ఓ థాంక్స్‌గివింగ్‌కి ముందు బ్రెంట్ బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. తండ్రి మౌనం భరించలేకే పోయాడని లవోన్ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మొగుడి కంచంలో ఇన్నేళ్ళూ అన్నీ కాస్త విసురుగానే వడ్డిస్తూ వచ్చింది.

పండగరోజు, గురువారం మధ్యాహ్నం బ్రెంట్ వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం పెంచాడు. లవోన్ వాకిట్లోనే వాణ్ణి వాటేసుకుని వదల్లేదు.

"వచ్చావా?" అన్నాడు డెల్మర్.

"ఆఁ నాన్నా."

"రోడ్డు ఎలా ఉంది?"

"బానే ఉంది."

ఆ ఇద్దరి మధ్యా అదే పెద్ద సంభాషణ. లవోన్ ఊపిరి పీల్చుకుంది.

బల్ల మీద టర్కీ, ఉడకబెట్టి మెదిపిన ఆలుగడ్డ, చిక్కుడుకాయలు, గ్రేవీ. అన్నిటికంటే ముందు గాజు పళ్ళెంలో ఎర్రటి ముద్ద తెచ్చి, గీతల మీద జాగ్రత్తగా కోసి, అచ్చుపడ్డ చివరి ముక్క బ్రెంట్ కంచంలో పెట్టింది. పెట్టి, వాడి మొహంలోకి చూస్తూ నిలబడింది.

వాడు ఫోర్కుతో కాస్త తుంచి నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు.

"అదే కదూ? అదే రుచి కదూ?"

"అదేనమ్మా."

"నాలుగు రకాలు చూశాను! మీ అత్తనడుగు, కడుపు తిప్పేదాకా తినిపించాను. ఉండు, ఇంకో ముక్క..."

"వాడికి పెట్టకు," అన్నాడు డెల్మర్.

లవోన్ భగ్గుమంది. "ఏడేళ్ళకి ఇల్లు చేరిన పిల్లాడికి నా చేత్తో ముక్క పెట్టుకోవడానికి కూడా నీకు అడ్డమేనా? ఇన్నేళ్ళూ మాట్లాడక మాట్లాడక, నోరు విప్పింది ఇందుకా?"

"అది కర్ట్‌ది."

ఆ పేరు వినపడగానే లవోన్ చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది.

"చివరి ముక్క కర్ట్‌ది," అన్నాడు డెల్మర్ మళ్ళీ, తల ఎత్తకుండా. "వీడు చిన్నప్పుడు ఎన్నడూ తినలేదు. నువ్వు పెట్టిందాన్ని ఆలుగడ్డ ముద్ద కింద కప్పేసేవాడు. నేను చూసి ఊరుకునేవాణ్ణి."

"అబద్ధం. బ్రెంట్, చెప్పరా మీ నాన్నకి."

బ్రెంట్ ఫోర్కు కింద పెట్టాడు. "పర్లేదమ్మా, తింటున్నాగా."

"చెప్పు!"

"ఏం చెప్పమంటావు?" అన్నాడు బ్రెంట్. "కర్ట్ మునిగిపోయిన ఏడాది పండక్కి వాడి ముక్క తెచ్చి నా కంచంలో పెట్టావు. తినరా, తినరా అంటూ నా మొహంలోకి చూశావు. ఇందాక చూశావే, అలాగే. బండి నడిపి వాణ్ణి నీళ్ళలో దించిందే నేను. వాడి ముక్క నాకు గొంతు దిగుతుందా? అయినా మింగాను. తర్వాతి ఏడాదీ మింగాను. మూడోసారి నావల్ల కాదనిపించింది. వెళ్ళిపోయాను."

"మీ నాన్న మూలంగా కాదూ?"

"నాన్న నన్ను చూసి బండి గుర్తు చేసుకునేవాడు. అది నేను చేసిందే, పడొచ్చు. నువ్వు నన్ను చూసినప్పుడు నేను కనిపించేవాణ్ణి కాదమ్మా."

నాకు తెలియదురా నాన్నా, అనబోయింది లవోన్. తెలియకపోవడమేమిటి? చిన్నవాడు ఆ ముక్క నములుతుంటే ఒక్క నిమిషంపాటు కొడుకులిద్దరూ బల్ల దగ్గరున్నట్టే ఉండేది. ఆ నిమిషం కోసమే పెట్టింది. వాడు మొహం ఎలా పెడుతున్నాడో చూసి కూడా చూడనట్టు పెట్టింది. బతికున్న కొడుకును కూర్చోబెట్టి చచ్చిపోయిన కొడుక్కి తినిపించింది. ఏడేళ్ళుగా ఆ తప్పు మొగుడి నెత్తిన రుద్ది, తాను మంచిదాన్ననుకుంది. సిగ్గుతో, దుఃఖంతో కుర్చీలో కూర్చుంది.

చెయ్యి చాచి, వాడి కంచంలో ముక్క తన కంచంలోకి తీసేసుకుంది.

"నీకే రకం ఇష్టంరా? చెప్పు, చేసిపెడతాను. కాయలున్నాయి."

"అసలు క్రాన్‌బెర్రీయే నాకు పడదమ్మా. ఏ రకమూ."

ఆ ఊళ్ళో ఆ మాట భోజనాల బల్ల దగ్గర అనగా ఎవరూ వినలేదు. డెల్మర్ ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో, మరేమిటో.

లవోన్ కొడుకు మొహం చూసింది. పెద్దవాడి పోలిక ఎక్కడా లేదు. చిన్న కళ్ళు, వెడల్పాటి దవడ, ఎడమ కనుబొమ్మ పక్కన ఆమెకు ఎప్పుడు పడిందో తెలియని మచ్చ.

"కర్ట్ చచ్చిపోయాడు, డెల్," అంది.

"అవును," అన్నాడు డెల్మర్.

లవోన్ వెక్కివెక్కి ఏడ్చింది. కర్ట్‌ని పూడ్చిపెట్టిన రోజున కూడా అంతగా ఏడవలేదు. డెల్మర్ లేచి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. బ్రెంట్ లేవలేదు. ఆలుగడ్డ గిన్నె దగ్గరికి లాక్కుని, తన కంచంలో తానే వడ్డించుకున్నాడు.