మాట లేని మట్టి

మధ్యాహ్నం దాటేసరికి శవం వాసనను అగరొత్తులు ఆపలేకపోయాయి. జగ్గమ్మను తెల్లవారకముందే పందిట్లోకి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. ఐసు పెట్టె తెద్దామని ఎవరో అన్నారు గానీ, రాత్రి గాలివానకు పోయిన కరెంటు ఇంకా రానేలేదు. పేట వెనక జీడితోటల మీద మళ్ళీ మబ్బు పడుతోంది. సమాధుల తోట పల్లంలో ఉంది. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, తవ్విన గొయ్యి నీళ్ళతో నిండిపోతుంది.

గొయ్యి తవ్వినవాళ్ళు గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. అందరూ పాస్టరు ధనరాజ్ కోసం ఎదురుచూస్తున్నారు.

"అయ్యగారు బొబ్బిల్లో ఉన్నారట. పాస్టర్ల మీటింగు. అదయ్యాక బయల్దేర్తారట," అన్నాడు గణపతిరావు, ఫోను జేబులో వేసుకుంటూ. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ పేట సంఘానికి పెద్ద.

"ఎప్పటికొస్తారు మావా?" అని అడిగింది యమున.

"సీకటి పడతాది మరి."

తల్లి ముఖం మీద వాలుతున్న ఈగల్ని అట్టముక్కతో తోలుతున్న అనూరాధ తలెత్తింది. జగ్గమ్మకు ఆమె ఒక్కతే కూతురు. విశాఖపట్నం నుంచి పొద్దున్నే వచ్చింది. అప్పటినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"సీకటి పడీదాకా మాయమ్మని ఇలగే ఉంచీస్తారేటి బాబాయ్?"

ఆడవాళ్ళలో నుంచి యమున లేచి నిలబడింది.

"మావా, నాను సదువుతాను. వాక్యం సదివి పార్థన సేస్తాను. వాన రాకముందే మట్టి సేసీవొచ్చు."

మూల కూర్చున్న, పేటలో అందరికంటే ముసలిదైన తాతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గణపతిరావు యమున వైపు కాక, ఆమె చేతుల వైపు చూశాడు.

యమున పలాసలో జీడిపిక్కల బట్టీలో పనిచేస్తుంది. కాల్చిన పిక్కను కోసి పప్పు తీయాలి. ఆ రసం తగిలి వేళ్ళ చివర్లు నల్లబడి, తొక్కలు లేచి ఉంటాయి. ఆ చేతులతో అన్నం కలుపుకున్నా మంటే. జగ్గమ్మ ఏళ్ళ తరబడి ఆమె పక్క పీట మీదే కూర్చుని పనిచేసింది. యమున మొగుడు నాగబాబు చెన్నైలో సెంట్రింగు పనికి పోయి ఎప్పుడో గాని ఇంటికి రాడు. జగ్గమ్మే ఆమెకు అత్తా, తల్లీ.

యమునను శిక్షణకు పంపింది ఈ ధనరాజే. ఆయన చేతికింద పదకొండు ఊళ్ళున్నాయి. పాత మోటారు సైకిలు మీద తిరిగి తిరిగి నడుం పట్టేసింది. ఒక్కో ఊరికి నెలకొక ఆదివారం రాగలిగితే గొప్ప. మిగతా ఆదివారాల్లో జనం నాలుగు పాటలు పాడుకుని ఇళ్ళకు పోతారు. కిందటి వేసవిలో ఆయన గుడిలో నిలబడి బతిమాలినట్టు చెప్పాడు.

"నేనొక్కణ్ణీ చాలనమ్మా. రోగుల దగ్గర కూర్చునేవాళ్ళు, వాక్యం చెప్పేవాళ్ళు, నేను అందనప్పుడు మట్టి కార్యక్రమం జరిపించేవాళ్ళు మీలోంచే తయారవ్వాలి. శ్రీకాకుళంలో శనివారం శనివారం నేర్పుతారు. ఎవరు వెళ్తారు?"

మగవాళ్ళు నేల చూశారు. జగ్గమ్మ మోచేత్తో యమునను పొడిచింది. "సెయ్యెత్తవే. నీ పిల్లని నాను సూస్తాను."

శనివారం పని మానితే ఆ రోజు కూలితో పోయేది కాదు. సోమవారం మేస్త్రీ కావాలనే చిన్న పిక్కల గంప ఆమె ముందుకు తోసేవాడు. చిన్న పిక్క ఎంత కోసినా తూకం రాదు. కిలోల లెక్కన కూలి కాబట్టి ఆ వారమంతా దెబ్బే. అయినా యమున వెళ్ళింది. ఏడో తరగతితో ఆగిపోయిన చదువు. మొదటి శనివారం నలుగురి ముందు చదవమంటే గొంతు పెగల్లేదు. అక్కడ నేర్పే ఝాన్సీ టీచరు ఆమెను బయట కానుగ చెట్టు దగ్గరికి తీసుకుపోయి, "నన్ను చూడకు, ఆ రోడ్డు మీద పోయే ఆటోవాడికి వినబడేలా చదువు," అంది.

ఒకరోజు మట్టి కార్యక్రమం ఎలా జరిపించాలో నేర్పారు. పొందూరు నుంచి వచ్చే లక్ష్మణమ్మను బల్ల మీద శవంలా పడుకోమన్నారు. యమున చదువుతుండగా ఆ శవం గట్టిగా తుమ్మింది. అందరూ పడీ పడీ నవ్వారు. టీచరూ నవ్వి, నవ్వు తగ్గాక చెప్పింది. "ఇక్కడ నవ్వేస్తే అక్కడ కాళ్ళు వణకవు. పోయినవాళ్ళకి మన మాటతో పని లేదమ్మా. ఉన్నవాళ్ళకే పని. ఏడుస్తున్న మనిషి చెవికి మాట అందాలి. అందుకే మనం."

ఆఖరి రోజున దండ వేసి, సర్టిఫికెట్ ఇచ్చి, ఫొటో తీశారు. యమున పేటకు తిరిగొచ్చింది. గుడి ఊడ్చే పని అప్పజెప్పారు. చాపలు పరిచే పని కూడా. పాస్టరు వచ్చిన ఆదివారం టీ గ్లాసులు కడిగేది ఆమే. ఒక్క ఆదివారం వాక్యం చెప్పనివ్వమని గణపతిరావును అడిగితే, "సూద్దాం," అన్నాడు. కోతలయ్యాక సూద్దాం. క్రిస్మస్ పోనీ సూద్దాం. ఈస్టరు దాటనీ సూద్దాం. సంఘం సర్వసభ్య సమావేశంలో మాత్రం, 'మన సంఘంలో శిక్షణ పొందిన నాయకురాలు ఒకరు కలరు' అని చదివి చప్పట్లు కొట్టించారు.

ఇప్పుడు పందిట్లో గణపతిరావు గొంతు సవరించుకున్నాడు.

"ఆడది గొయ్యి కాడ నిలబడి సదవడం ఈ పేటలో ఏనాడైనా ఉన్నాదా?"

"ఇందుకే కద మావా అయ్యగారు పంపించినారు?"

"పంపించినారు. రోగిష్టోల్ల కాడ కూకుని పార్థన సెయ్యి. పిల్లలకి పాటలు నేర్పు. ఎవులొద్దన్నారు? మట్టంటే ఆటేటి? రేపు నాలుగూల్లోల్లు అడుగుతారు, మీ పేటలో మగోల్లు నేరా అని."

"ఉన్నారు కదా. పోనీ ఆల్లనే ఎవుల్నైనా సదవమను. నాను పక్కన నిలబడతాను."

మగవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ ముందుకు రాలేదు. అది చూసి గణపతిరావుకు కోపం వచ్చింది. వాళ్ళ మీద రావలసిన కోపం యమున మీదికి మళ్ళింది.

"ముప్పయ్యేల్లు ఈ గుడి తాలాలు మోసినాను నాను. డూటీ నుంచి వొచ్చి రాత్రులు కాపలా పడుకున్నాను. నన్నెవులైనా ఏ ట్రైనింగుకైనా పిలిసినారేటి? ఒకపాలి నోరిడిసి అడిగినాను, నాకూ నేర్పండీ అని. 'నువ్వు ఉత్త సంఘస్తుడివి, కూకో' అన్నాడు అప్పటి పాస్టరు. కూకున్నాను. నువ్వు నాలుగు శనివారాలు బస్సెక్కి దిగొచ్చీసి..."

యమున ఇది ఊహించలేదు. ఈ మనిషికీ ఒకప్పుడు నేర్చుకోవాలని ఉండేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది.

ఇంటి వెనక్కి పోయి ధనరాజ్‌కు ఫోను చేసింది.

"అయ్యగారూ, మీరు గణపతిరావు మావకి ఒక్క మాట సెప్పండి. నన్ను సదవనిమ్మని."

అవతల మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. ధనరాజ్ గొంతు తగ్గించాడు. "నువ్వు చదవగలవని నాకు తెలుసమ్మా. కానీ పెద్దలు ఒప్పుకోకుండా నేను చెప్తే, రేపు ఆయనే పైవాళ్ళకి ఉత్తరం రాస్తాడు. నన్ను ఇంకో చోటికి మార్చేస్తారు. కాస్త ఓపిక పట్టండి. వచ్చేస్తాను."

"మనుసులం ఓపిక పడతాం అయ్యగారూ. శవం పట్టదు కదా."

"లోపలికి పిలుస్తున్నారమ్మా, మళ్ళీ చేస్తాను," అని ఆయన పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

ఆమె పందిట్లోకి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. గణపతిరావు శవాన్ని చెక్కపెట్టెలో పెట్టించి లేపిస్తున్నాడు.

"ముందు మట్టి సేసీద్దాం. పార్థన మూడో రోజు అయ్యగారొచ్చినాక పెట్టుకుందాం."

వాన భయం అందరికీ ఉంది. జారుతున్న గట్ల మీద పెట్టె మోసుకుంటూ పాట కూడా లేకుండా నడిచారు. గొయ్యి అడుగున అప్పటికే ఎర్రనీరు ఊరుతోంది. తాళ్ళు కట్టి పెట్టెను దించారు. అది నీళ్ళను తాకిన చప్పుడు వినగానే అనూరాధ తూలి పడబోయింది. పక్కనున్నవాళ్ళు పట్టుకున్నారు.

"ఎవులైనా ఒక్క మాట అనండి," అంది. ఏడుపు లేదు ఆ గొంతులో. "మాయమ్మ కుక్కేటి? ఒక్క మాట అనండి బాబూ."

యమున ఒక అడుగు ముందుకు వేసింది. బైబిలు తెరవక్కర్లేదు, మట్టి దగ్గర చదివే భాగం ఆమెకు కంఠతా వచ్చు. నోరు తెరిచింది. గణపతిరావు ఆమె వైపు చూడకుండానే వంగి, దోసెడు మట్టి తీసి గోతిలో వేశాడు. వెంటనే పారలు కదిలాయి. తడిమట్టి ముద్దలు ముద్దలుగా పెట్టె మూత మీద పడింది. ఆ చప్పుడు మీదుగా చదవవచ్చు. రోడ్డు మీద ఆటోవాడికి వినబడేలా చదవడం నేర్చుకున్న మనిషే. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేదు, నోరు నొక్కలేదు. అయినా మాట బయటికి రాలేదు. గొయ్యి పూడింది. వాన జోరందుకుంది. జనం తలల మీద కొంగులు, తువ్వాళ్ళు వేసుకుని పరిగెత్తారు.

ఆ రాత్రి అనూరాధ యమునతో ఒక్కటే అంది. "నువ్వైనా సదువుతావనుకున్నాను వొదినా."

మూడో రోజున ధనరాజ్ వచ్చాడు. మెల్లగా, మనసుకు తగిలేలా మాట్లాడాడు. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అనూరాధ మాత్రం గోడకేసి చూస్తూ కూర్చుంది. భోజనాలయ్యాక ఆయన యమునను పక్కకు పిలిచాడు.

"మనసులో పెట్టుకోకమ్మా. వచ్చే ఆదివారం శ్రీకాకుళం నుంచి పెద్దలొస్తున్నారు. రెండో విడత శిక్షణకి మన సంఘం నుంచి ఇంకో నలుగురిని తీసుకుంటారట. నువ్వు లేచి నిలబడి, శిక్షణ వల్ల ఏం మేలు జరిగిందో నాలుగు మాటలు చెప్పు. ఇప్పుడు నీకు అవకాశం వచ్చింది చూడు."

ఆయన నిజంగానే సంతోషపడుతున్నాడు. తను ఆమెకు ఏదో తిరిగి ఇస్తున్నానని నమ్ముతున్నాడు.

ఆదివారం గుడి నిండిపోయింది. వచ్చిన పెద్దాయన పేరు మురళీమోహన్. తెల్ల చొక్కా, చల్లని మాట. వెంట ఒక ఫొటోగ్రాఫరు. ఇలాంటి మారుమూల పేటల్లోనే తమ శ్రమ ఫలించిందని, సామాన్యులే రేపటి సంఘానికి స్తంభాలని ఆయన చాలాసేపు చెప్పాడు.

"మొదటి విడతలో శిక్షణ పొందిన మన సోదరి ఇక్కడే ఉన్నారు. ఆమెను లేచి నిలబడమని కోరుతున్నాను."

చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫరు మోకాలి మీద వంగాడు. ఆడవాళ్ళ వరసలో యమున కూర్చునే ఉంది. గణపతిరావు కుర్చీలో నుంచి ముందుకు వాలాడు.

"అమ్మీ, నెగు. పిలుస్తన్నారు."

"నాను నెగను మావా."

అప్పటికి చప్పట్లు ఆగిపోవడంతో ఆ మాట గుడంతా వినబడింది. మురళీమోహన్ నవ్వాడు. "సిగ్గు పడుతున్నట్టున్నారు. మైకు ఇవ్వండి."

ధనరాజ్ మైకు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. కళ్ళతోనే బతిమాలాడు. యమున మైకు అందుకోలేదు. కూర్చున్నచోటి నుంచే మాట్లాడింది.

"సిగ్గు కాదండి. నేర్సుకున్నానని నన్ను నెగమంటన్నారు. నేర్సుకున్నది సెయ్యబోతే కూకోమన్నారు. మా జగ్గమ్మత్తని మొన్న మాట నేకుండా మట్టి సేసీసినాం. ఆల్లు ఆపినారు, నానూ ఆగిపోయినాను. నా తప్పు నాదే. ఇప్పుడు ఇంకో నలుగుర్ని అడుగుతన్నారు. ఆల్లకీ నేర్పించి, ఫొటోలు తీసి, సాపలెయ్యడానికి పంపించీడానికైతే మాకొద్దండి. సదవనిస్తామని ఈ జనం ముందర సెప్పండి. అప్పుడు నెగుతాను."

మురళీమోహన్ ముఖంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. "ఏం జరిగిందండీ?" అని అడిగాడు ధనరాజ్‌ను. ధనరాజ్ చేతిలో మైకు ఉంది. అది ఆన్‌లో ఉండి ఆయన ఊపిరి మాత్రం స్పీకర్లలో వినిపిస్తోంది.

గణపతిరావు చటుక్కున లేచాడు. ముఖం కందిపోయింది. ఏం చెయ్యాలో తోచనప్పుడు గుడిలో చేసే పనే చేశాడు, గట్టిగా పాట ఎత్తుకున్నాడు. పాట మొదలైతే అందరూ నిలబడడం ఆ సంఘంలో అలవాటు. మగవాళ్ళు లేచారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చీరలు సర్దుకుంటూ లేచారు. యమున లేవలేదు. గోడవారన అనూరాధ కూడా లేవలేదు.

వాళ్ళిద్దరి మధ్య తాతమ్మ ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి సగం పైకి లేచింది. నిలబడ్డవాళ్ళ వైపు ఒకసారి, కూర్చున్నవాళ్ళ వైపు ఒకసారి చూసింది. పాట రెండో చరణంలోకి వెళ్ళింది. ముసలిది ఇంకా అలాగే, లేవకుండా, కూలబడకుండా ఉండిపోయింది.